కోరింగ మడ అడవి: నడక, పడవ, టెంటు గురించి అందరూ అడిగే ప్రశ్నలు

డిసెంబరు మొదలు శివరాత్రి దాకా నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. "కాకినాడ పక్కన అడవి ఉందటగా, టెంటు వేసుకోవచ్చా?" "పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?" "మొసళ్ళుంటాయా?" చుట్టాలకీ, వాళ్ళ ఆఫీసు ఫ్రెండ్స్‌కీ, ఆ ఫ్రెండ్స్ బావమరుదులకీ చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టింది. అందుకే ఇలా రాసిపెట్టాను. మాది తాళ్ళరేవు వైపు, ఈ అడవి అంచునే పెరిగాం. మీకు ఏ ప్రశ్న కావాలో నేరుగా దాని దగ్గరికే వెళ్ళండి, మిగతావి చదవకపోయినా నష్టం లేదు.

## బయల్దేరే ముందు

గోదావరి జిల్లాల్లో అడవేంటండీ? మాకు కొబ్బరితోటలు, వరిచేలే తెలుసు!

చేలు అయిపోయి సముద్రం ఇంకా మొదలవ్వని చోట ఉంది. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠగా చీలుతుంది కదా. ఆ గౌతమి నుంచి విడిపోయిన కోరింగ, గాడేరు లాంటి పాయలు కాకినాడకి దక్షిణాన సముద్రంలో కలుస్తాయి. నది మోసుకొచ్చిన ఒండ్రు అక్కడ పేరుకుని, సగం ఉప్పు, సగం తీపి నీళ్ళలో బతికే చెట్లు పెరిగాయి. అవే మడ అడవులు. 1978లో దీన్ని కోరింగ అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. కాకినాడ నుంచి యానాం పోయే బస్సులో ఎడమవైపు సీటులో కూర్చుంటే దూరంగా ముదురాకుపచ్చ గీతలా కనపడేది ఇదే. రోజూ ఆ బస్సులో తిరిగేవాళ్ళలో సగంమంది లోపలికి అడుగు పెట్టి ఉండరు.

ఇది ట్రెక్కింగా, షికారా? ఎంత దూరం నడవాలి?

నిజం చెప్పాలంటే షికారే. కొండలుండవు, ఎక్కడాలుండవు. బురద మీద స్తంభాలు పాతి వేసిన చెక్క బాట మీద నడుస్తారు. ఆగకుండా నడిస్తే టీ తాగినంతసేపట్లో అయిపోతుంది. ఆగి చూస్తూ నడిస్తే రెండు గంటలు పడుతుంది. ఒకసారి హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు ట్రెక్కింగ్ కర్రలు, పెద్ద బూట్లతో దిగారు. పావుగంటలో చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చి "ఇంతేనా?" అన్నారు. వాళ్ళ వెనకాలే ఒక పెద్దాయన వంతెన కమ్మీ పట్టుకుని ఒకే చోట అరగంట నిలబడి పీతలు చూశారు. ఆ రోజు టిక్కెట్టు డబ్బులు గిట్టింది ఆయనకే.

ఏ నెలలో వస్తే బాగుంటుంది?

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. ఎండ మంటెక్కదు, వలస పక్షులుంటాయి. అక్టోబరు, నవంబరుల్లో కూడా పచ్చగా బాగుంటుంది కానీ అవి మాకు తుఫాను నెలలు. 1996 నవంబరు 6న కోనసీమని ఊడ్చేసిన తుఫానుని మా ఇళ్ళల్లో ఇంకా చెప్పుకుంటారు. కాకినాడ పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారని వార్తల్లో వస్తే, అది ఒకటో నెంబరే అయినా సరే, ప్రయాణం వాయిదా వేసుకోండి. ఏప్రిల్, మేలో రావద్దు. ఎండ కంటే ఉక్క చంపేస్తుంది. మడచెట్ల మధ్య గాలి ఆడదు.

పోటూ పాటూ చూసుకుని రావాలంటారు. అదంతా మాకెలా తెలుస్తుంది?

సెలవు చూసుకుని కాదు, నీళ్ళు చూసుకుని రావాల్సిన అడవి ఇది. ఈ ఒక్క సంగతి పట్టించుకోకే సగంమంది ఉసూరుమంటూ వెళ్తారు.

సముద్రం రోజుకి రెండుసార్లు పొంగి పాయల్లోకి ఎక్కుతుంది, అది పోటు. రెండుసార్లు వెనక్కి తీస్తుంది, అది పాటు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఆరు గంటల చిల్లర. ఇవాళ పోటు వచ్చిన వేళకే రేపు రాదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పున్నమికీ అమావాస్యకీ పొంగు ఎక్కువ, అష్టమి రోజుల్లో తక్కువ. కాకినాడ తీరంలో పెద్ద పోటుకీ పాటుకీ తేడా మీటరు పైచిలుకే. వినడానికి తక్కువే, కానీ బల్లపరుపు బురద నేల మీద ఆ మీటరే ఎంతో మేర ముంచేస్తుంది.

పాటు వేళ వస్తే బురద బయటపడి పీతలు, గెంతే చేపలు, కొంగలు కనపడతాయి. కాబట్టి నడకకి పాటు మేలు. పడవకి పోటు మేలు, సన్న పాయల్లోకి కూడా వెళ్ళగలదు. పాటు ముగిసే వేళకి చెక్క బాట మీద ఉండి, నీళ్ళు ఎక్కుతుండగా పడవెక్కేలా చూసుకుంటే రెండూ దక్కుతాయి. ఫోన్‌లో కాకినాడ టైడ్ టైమింగ్స్ అని వెతికితే వేళలు వస్తాయి. అంతకంటే తేలిక, పడవ వాళ్ళకి ముందురోజు ఫోన్ చేసి "రేపు పాటు ఎన్నింటికండీ?" అని అడగండి. గడియారం చూడకుండా చెప్తారు.

ఏ బట్టలు? ఏ చెప్పులు?

పొడుగు చేతులు, పొడుగు ప్యాంటు, ముదురు రంగు. చెప్పులు వెనక పట్టీ ఉన్నవే వేసుకోండి. చెక్కల మధ్య సందులుంటాయి, హీల్స్ ఇరుక్కుంటాయి. తెల్ల చొక్కా మాత్రం వద్దు.

చిన్నపిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు రాగలరా?

చెక్క బాట వరకూ హాయిగా రాగలరు, మెట్లు తక్కువ. మా పెద్దమ్మకి డెబ్భై దాటాయి, మధ్యలో రెండుసార్లు కూర్చుని వచ్చేసింది. వాచ్‌టవర్ మాత్రం వాళ్ళతో ఎక్కించకండి. ఐదేళ్ళలోపు పిల్లల చెయ్యి వదలొద్దు. కమ్మీల సందులోంచి కిందకి వంగి చూడాలని వాళ్ళకి మహా సరదా. కింద నీళ్ళు లోతుండవు గానీ బురదలో పడ్డ పిల్లని పైకి లాగడం మీరనుకున్నంత సులువు కాదు.

## దారి, టిక్కెట్టు

హైదరాబాద్, విజయవాడల నుంచి ఎలా రావాలి? ఎక్కడ దిగాలి?

రైలైతే కాకినాడ టౌన్. టిక్కెట్టు దొరక్కపోతే మెయిన్ లైన్ మీదున్న సామర్లకోటలో దిగండి. అక్కడి నుంచి కాకినాడకి బస్సులు, ఆటోలు అస్తమానం ఉంటాయి. కాకినాడ కాంప్లెక్సులో (ఆర్టీసీ బస్టాండు) యానాం బస్సెక్కి, కండక్టరుతో "చొల్లంగిపేట, మడ అడవి దగ్గర ఆపండి" అని చెప్పండి. "కోరింగ" అని చెప్పారో, అసలు కోరింగ ఊరికి తీసుకెళ్ళి దించుతాడు. అది ఇంకా ముందుకి ఉంది, చెక్క బాట అక్కడ లేదు. ఈ పొరపాటు నెలకొకరైనా చేస్తారు.

మేం అమలాపురం నుంచి వస్తాం. రాజమండ్రి చుట్టూ తిరగాలా?

అక్కర్లేదు. ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వచ్చి, గౌతమి మీద బాలయోగి వారధి దాటితే యానాం. అక్కడి నుంచి కాకినాడ రోడ్డు పట్టుకుంటే తాళ్ళరేవు, కోరింగ దాటాక చొల్లంగి వైపు వస్తారు. వారధి మీద బండి ఆపి ఫొటోలు దిగడం మామూలే కానీ లారీలు చూసుకోండి.

పర్మిషన్ ఎందుకు? అడవి అందరిదీ కదా?

అందరిదే, కానీ అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్ళకూడదు. చెక్క బాటకి మీరు గేటు దగ్గర కొనే టిక్కెట్టే ఆ అనుమతి. కెమెరాకి, పడవకి విడిగా కట్టాలి, ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. పెళ్ళికి ముందు ఫొటో షూట్‌లకి, డ్రోన్‌కి ఆ టిక్కెట్టు చాలదు. ఫారెస్టు ఆఫీసులో ముందే అడగాలి. డ్రోన్ తీసుకొచ్చి గేటు దగ్గర వాదనేసుకునే వాళ్ళని చూస్తుంటాను. వాళ్ళెవరూ గెలవగా చూడలేదు.

మేం జనవరి చివర వస్తాం. రద్దీ ఉంటుందా?

పంచాంగం చూసుకోండి. పుష్య మాసం చివర వచ్చే అమావాస్యని మా వైపు చొల్లంగి అమావాస్య అంటారు. ఆ రోజు చొల్లంగిలో సాగర స్నానానికి తెల్లవారుజామునుంచే జనం వస్తారు. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానం చేసే సప్తసాగర యాత్రవాళ్ళు కూడా ఇక్కడే మొదలెట్టి అంతర్వేదిలో ముగిస్తారు. స్నానానికైతే రండి, పుణ్యం. పక్షుల కోసమైతే ఆ రోజు తప్ప ఏ రోజైనా రండి. సంక్రాంతి మూడు రోజులు, ఆదివారం మధ్యాహ్నాలు కూడా అంతే, పిట్టల కంటే సెల్ఫీ స్టిక్కులే ఎక్కువ కనిపిస్తాయి. మంగళవారమో బుధవారమో గేటు తెరవగానే వచ్చేవాళ్ళకి అడవి వేరేలా ఉంటుంది.

కోరింగ ఊళ్ళో చూడ్డానికేమైనా ఉందా?

చూడ్డానికి లేదు, వినడానికి ఉంది. ఇప్పుడు మామూలు పల్లె. ఒకప్పుడు ఓడలు కట్టే పెద్ద రేవు. ఇక్కడి నుంచి ఓడెక్కి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ "కోరంగీలు" అనేవారు. 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబరులో ఇంకోటి ఊరిని తుడిచిపెట్టేశాయి. రెండోదాని తర్వాత రేవు మళ్ళీ కోలుకోలేదు. అడవి చూసి వస్తూ ఊరి వీధిలో పది నిమిషాలు ఆగి టీ తాగండి. పక్కన ఎవరైనా ముసలాయన ఉంటే మాట కలపండి.

## చెక్క బాట మీద

బురదలోంచి పెన్సిళ్ళలా పొడుచుకొచ్చినవి ఏమిటి? నరికేసిన మొక్కలా?

వేళ్ళు. ఎదురుగా ఉన్న మడచెట్టువే. ఈ బురదలో గాలి ఉండదు. అందుకే వేళ్ళు కిందకి దిగడం మానేసి, ఊపిరి తీసుకోవడానికి పైకి వస్తాయి. దగ్గరగా చూస్తే వాటి మీద సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. పోటు వచ్చినప్పుడు మునుగుతాయి, పాటుకి మళ్ళీ గాలి పీలుస్తాయి. ఉప్పు పొన్న చెట్టుది ఇంకో పద్ధతి. కాండం నుంచే వేళ్ళు కమాన్లలా వంగి బురదలోకి దిగి, చెట్టుని గుంజల మీద పందిరిలా నిలబెడతాయి. దాని కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, సన్న ములక్కాడలా కిందకి వేలాడుతుంది. రాలితే బురదలో గుచ్చుకుని అక్కడే మొక్కవుతుంది, లేదా నీళ్ళమీద తేలుతూ ఎక్కడో నాటుకుంటుంది.

గార్డుని అడిగి నల్లమడ చెట్టు ఏదో చూపించుకోండి. దాని ఆకు మీద వేలితో రాస్తే గరుగ్గా తగులుతుంది. అది ఉప్పు. తాగిన నీళ్ళలోంచి ఉప్పుని ఆకుల్లోంచి బయటికి తోసేస్తుంది. ఎండాకాలం పొద్దున పూట కొన్ని ఆకులు చక్కెర చల్లినట్టు మెరుస్తాయి.

ఏం జంతువులు కనిపిస్తాయి? మొసళ్ళున్నాయా?

తప్పకుండా కనిపించేవి చిన్నవి. ఒక చెయ్యి పెద్దదీ ఒకటి చిన్నదీ ఉన్న పీతలు. మగ పీత ఆ పెద్ద డెక్కని ఎవరినో రమ్మని పిలుస్తున్నట్టు ఊపుతుంటుంది. మీ నీడ పడగానే వందల పీతలు ఒక్క క్షణంలో కన్నాల్లోకి దూరిపోతాయి. కదలకుండా రెండు నిమిషాలు నిలబడితే ఒక్కొక్కటే మళ్ళీ బయటికొస్తాయి. నీళ్ళ అంచున బురద మీద గెంతేవి కప్పలు కావు, చేపలు. తల పైన కళ్ళు గుండ్రంగా లేచి ఉంటాయి, ముందు రెక్కల మీద మోచేతుల్లా ఆనుకుని పాకుతాయి. లకుముకి పిట్టలు, కొంగలు, గరుడపక్షులు మామూలే.

బావురుపిల్లి ఈ అడవికి అసలు పేరు తెచ్చిన జంతువు, చేపలు పట్టి తినే అడవిపిల్లి. కానీ తిరిగేది రాత్రి. బురదలో దాని అడుగులు చూసి తృప్తి పడండి. నీటికుక్కలు గుంపుగా ఈదుతూ అప్పుడప్పుడు పడవ వాళ్ళకి కనపడతాయి. వలలు కొరికేస్తాయని జాలర్లు వాటిని తిట్టుకుంటారు. మొసలి విషయానికొస్తే, ఇన్నేళ్ళలో నేనొకటీ చూడలేదు. అలాగని కాళ్ళు పాయలో పెట్టి కూర్చోమని మాత్రం చెప్పను.

ఆ ఆకులు తెంపితే కళ్ళు పోతాయట, నిజమా?

అన్ని చెట్లకీ కాదు. తిల్ల అనే చెట్టుంది. కొమ్మ విరిస్తే తెల్లని పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే భరించలేని మంట, కొన్నాళ్ళు చూపు మసకబారొచ్చు, చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. కొత్తవాళ్ళకి ఏది తిల్లో తెలీదు కాబట్టి ఏ కొమ్మా విరవకండి. పొరపాటున పాలు అంటితే వెంటనే మంచినీళ్ళతో ఆగకుండా కడగాలి, కన్ను నలపకూడదు, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

బురదలోకి దిగి నడవొచ్చా? సరదాగా ఉంటుంది కదా!

దిగకూడదని నియమం ఉంది. నియమం లేకపోయినా దిగకూడదు. చిన్నప్పుడు మా బావ, నేను పీతల కోసం గట్టు పక్కన దిగాం. పిక్కల దాకా పోయాక ఒక కాలు లాగితే రెండోది ఇంకా దిగేది. బావ ఎలాగో గట్టెక్కి పైనుంచి తాటాకు అందిస్తే దాని మీద బోర్లా పడి పాకుతూ బయటికొచ్చాను. నా ఎడమకాలి చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది. పైగా ఆ ఊపిరి వేళ్ళు అరికాల్లో గుచ్చుకుంటే పుండు తొందరగా మానదు. మీరు తొక్కిన వేళ్ళు కూడా మళ్ళీ లేవవు.

ఒకటే కుళ్ళు గుడ్డు వాసన. డ్రైనేజీ కలుస్తుందా?

ఆ వాసన బురదదే. గాలి అందని చోట రాలిన ఆకులు కుళ్ళితే అలాంటి గ్యాసు వస్తుంది. ఐదు నిమిషాల్లో ముక్కు అలవాటు పడుతుంది.

దోమలు?

ఉంటాయి. పొద్దుగూకేటప్పుడు విజృంభిస్తాయి. ఓడోమాస్ ఇంటి దగ్గరే రాసుకోండి, అడవిలోకొచ్చాక రాసుకుంటే ఈలోపే ఓ విడత భోజనం చేసేస్తాయి.

తినడానికి ఏం తెచ్చుకోవాలి?

బాట మీద తినకండి. ప్లాస్టిక్ కవర్లు పాయలోకి చేరతాయి. బయట కూర్చుని తినడానికి పులిహోర, దద్ధోజనం అరటాకులో కట్టుకొస్తే చెత్త బాధ ఉండదు. నీళ్ళు మాత్రం మనిషికి లీటరు తెచ్చుకోండి, చుట్టూ ఉన్నదంతా ఉప్పునీరే. తిరుగుదారిలో కాకినాడలో గొట్టం కాజా ఎలాగూ కొంటారు, అది నేను చెప్పక్కర్లేదు.

## పడవ, హోప్ ఐలాండ్

నాకు ఈత రాదు. పడవెక్కొచ్చా?

ఎక్కొచ్చు, లైఫ్ జాకెట్ వేసుకుంటే. ఒళ్ళో పెట్టుకుంటే కాదు, వేసుకుని బకిల్స్ అన్నీ బిగిస్తే. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని గోదావరి జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు. పిల్లల సైజు జాకెట్టు లేదంటే పిల్లల్ని ఎక్కించకండి. మనుషుల్ని ఎక్కువ ఎక్కిస్తున్నారనిపిస్తే దిగిపోండి, మొహమాటం వద్దు. సెల్ఫీ కోసం అందరూ ఒకే పక్కకి చేరితే ఎంత పెద్ద పడవైనా ఒరుగుతుంది.

టిక్కెట్టు కొన్నాక బోటు లేదన్నారు. మోసం కదా?

చాలాసార్లు మోసం కాదు, పాటు. పాయలో నీళ్ళు తీసేస్తే పడవ అడుగు బురదకి ఆనుతుంది, మళ్ళీ పోటొచ్చేదాకా కదలదు. పడవ టిక్కెట్టు కొనేముందే "ఇప్పుడు బయల్దేరుతుందా, ఎంతసేపు ఆగాలి?" అని అడగండి.

హోప్ ఐలాండ్ వెళ్ళాలంటే?

అది కాకినాడ తీరానికి ఎదురుగా సముద్రంలోకి సాగిన పదహారు కిలోమీటర్ల ఇసుక దిబ్బ. గోదావరి తెచ్చిన ఇసుకతోనే గత రెండు శతాబ్దాల్లో పెరిగింది. బంగాళాఖాతపు అలలకి అడ్డుగోడలా నిలబడింది కాబట్టే కాకినాడ రేవులో నీళ్ళు అంత నిదానంగా ఉంటాయి. పడవ కాకినాడ వైపు నుంచి వెళ్తుంది, సముద్రం మీద ప్రయాణం. రోజూ నడవదు, గాలి ఎక్కువుంటే అసలు నడవదు, కాబట్టి ముందురోజు కనుక్కోండి. దీవిలో నీడ తక్కువ, కొట్లు ఉండవు. టోపీ, నీళ్ళు, తిండి మీవే. వాంతులయ్యేవాళ్ళు ఖాళీ కడుపుతోనూ ఎక్కొద్దు, పెసరట్టు ఉప్మా లాగించీ ఎక్కొద్దు.

తాబేళ్ళు గుడ్లు పెట్టేది చూడొచ్చా?

జనవరి నుంచి మార్చి మధ్య ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ ఇసుక తీరాలకి వస్తాయి, అదీ రాత్రిళ్ళు. రాత్రి దీవిలో పర్యాటకులు ఉండకూడదు కాబట్టి మామూలుగా వచ్చేవాళ్ళు చూసేది పొద్దున ఇసుకలో ట్రాక్టరు చక్రం దొర్లినట్టున్న జాడలే. ఫారెస్టు వాళ్ళు గుడ్లని సేకరించి కంచె వేసి పొదిగించి పిల్లల్ని వదిలే రోజులుంటాయి. అడిగితే చెప్తారు, అవకాశం దొరికితే వదులుకోకండి. ఎక్కడైనా తాబేలు ఎదురైతే ఫ్లాష్, టార్చ్ వెయ్యకండి. వెలుగు చూస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది.

## రాత్రి బస, టెంటు

మడ అడవిలో ఒక్క రాత్రి టెంటు వేసుకుంటాం. ఎవర్ని అడగాలి?

ఎవర్నీ అడగక్కర్లేదు, కుదరదు. అభయారణ్యం లోపల రాత్రి బసకి సందర్శకులని ఒప్పుకోరు. ఒప్పుకున్నా ఎక్కడ వేస్తారు? పగలు పొడిగా కనపడిన చోటు రాత్రి పోటుకి మునుగుతుంది. కాకినాడలోనో యానాంలోనో రూము తీసుకుని పొద్దున్నే రండి.

పోనీ సముద్రం ఒడ్డున ఇసుకలో వేస్తే ఎవరేమంటారు?

సముద్రమే అంటుంది. కాలేజీ అయిన ఏడాది నలుగురం కోనసీమలో ఒక బీచ్‌కి వెళ్ళాం. పున్నమి, వెన్నెల అదిరిపోతుందని. సాయంత్రం చూస్తే నీళ్ళు ఎక్కడో ఉన్నాయి. అలలకి దగ్గరగా ఉంటే చప్పుడు వింటూ పడుకోవచ్చని గట్టి ఇసుక మీద టెంటు వేశాం. ఆ ఇసుక ఎందుకు గట్టిగా ఉందో ఒక్కడికీ తట్టలేదు. రోజూ నీళ్ళు తడిపే చోటు కాబట్టే గట్టిగా ఉంది. ఎనిమిదిన్నరకి చేపల వేపుడు విప్పాం, తొమ్మిదికల్లా టెంటు కింద నీళ్ళు. గాలికి గుడ్డ ఎగురుతోంది, మేకులు ఇసుకలోంచి వెన్నలోంచి సూదుల్లా ఊడొస్తున్నాయి. ఒకడు బ్యాగులు, ఒకడు స్టవ్వు, నేను మాత్రం వేపుడు గిన్నె పట్టుకుని పరిగెత్తాం. సరుగుడు తోట దగ్గర వలలు బాగుచేసుకుంటున్న ఒకాయన "ఏం బాబూ, ఏ ఊరు మీది?" అని మాత్రం అడిగాడు. నవ్వలేదు, అది ఆయన మంచితనం. తెల్లారేదాకా వాళ్ళ పాకలోనే కూర్చున్నాం.

దీన్నించి మీకు పనికొచ్చేవి: ఎండిన నాచు, గవ్వలు గీతలా పేరుకున్న చోటు ఆఖరి పోటు హద్దు, దానికి చాలా వెనక, మెత్తటి ఇసుక మీదే వెయ్యాలి. ఇసుకలో మామూలు మేకులు నిలవవు, సంచుల్లో ఇసుక నింపి తాళ్ళకి కట్టి పాతాలి. ఊరి పెద్దలకీ, మెరైన్ పోలీసులకీ చెప్పకుండా వెయ్యొద్దు. తాబేళ్ళ నెలల్లో అసలే వద్దు. ఆడపిల్లలు, పిల్లలు ఉంటే దిండిలోనో అంతర్వేదిలోనో గది తీసుకోండి, వెన్నెల అక్కడా అదే.

మరి నిజంగా అడవిలో టెంటులో పడుకోవాలంటే మా జిల్లాల నుంచి దగ్గర ఏది?

డెల్టా వదిలి కొండెక్కాలి. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి, 85 కిలోమీటర్ల చిల్లర. అక్కడ అటవీ శాఖ, స్థానిక గిరిజనుల సమితులు కలిసి నడిపే బసలున్నాయి. వాగు ఒడ్డున జంగిల్ స్టార్ క్యాంపులో టెంట్లు వేసి ఇస్తారు. జలతరంగిణి, అమృతధార జలపాతాలకి అడవిలో నడక. గుడిస గడ్డికొండలకి జీపు కావాలి, మీ కారు అడుగు తగిలి మధ్యలో ఆగుతుంది. డిసెంబరులో చలి మాటకి "మన ఆంధ్రాలో చలేంటి" అనుకోకండి, రగ్గు తెచ్చుకోండి. వెళ్ళేముందు గది ఖాయం చేసుకోండి, శని ఆదివారాలు ఇసకేస్తే రాలనంత జనం. బొంగు చికెన్ రోడ్డు పక్కన ఎక్కడైనా దొరుకుతుంది. ఆర్డరిచ్చాక గంట పడుతుంది. ఐదు నిమిషాల్లో ఇస్తే అది ముందే కాల్చి పెట్టిందన్నమాట.

క్యాంప్ ఫైర్ లేకపోతే క్యాంపింగ్ ఏంటి?

అభయారణ్యంలో నిప్పు పెట్టడం చట్టం ప్రకారం నేరం. మారేడుమిల్లి లాంటి క్యాంపుల్లో నిర్వాహకులే ఒక చోట మంట వేసిస్తే అక్కడే కూర్చోండి. ఎండాకులు, వెదురు ఉన్న చోట మీ అంతట మీరు అగ్గిపుల్ల గియ్యొద్దు. పొద్దున లేవగానే బూడిద మీద బిందెడు నీళ్ళు పోసి, చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఇంకో బిందె.

యానాం పక్కనే కదా... అర్థమైంది కదండీ ప్రశ్న?

అర్థమైంది. అభయారణ్యంలోకి సీసా తేకూడదు, గేటు దగ్గర సంచులు చూస్తారు. యానాం పుదుచ్చేరిది, రేటు తక్కువని డిక్కీలో వేసుకుని ఆంధ్రాలోకొస్తే ఎక్సైజు కేసు. తాగి పడవెక్కడం మాత్రం ఏ రాష్ట్రంలోనైనా తెలివితక్కువే.

పాము కరిస్తే?

కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, పీల్చొద్దు, నాటు మందు వద్దు. కరిచిన కాలో చెయ్యో కదపకుండా పెట్టి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. కోరింగ వైపైతే కాకినాడ జనరల్ ఆస్పత్రి. పాముని పట్టుకుని తీసుకెళ్ళక్కర్లేదు. డెల్టాలో భయపడాల్సింది అడవిలో కంటే చేలగట్ల మీద, రాత్రిపూట. టార్చి లేకుండా బస్టాండుకి కూడా నడవకండి.

## ఇంటికి వెళ్ళాక

వచ్చిన పది రోజులకి చలిజ్వరం. అలసటేనా?

అలసటని వదిలెయ్యొద్దు. ముఖ్యంగా మారేడుమిల్లి వైపు ఏజెన్సీలో పడుకుని వస్తే మలేరియా పరీక్ష చేయించండి. జ్వరం దోమ కుట్టిన వారం తర్వాతైనా, నెలకైనా రావచ్చు. డాక్టరుకి "ఫలానా అడవికెళ్ళాను" అని మీరే చెప్పాలి, ఆయన అడక్కపోవచ్చు.

బట్టల మీద ఆ నల్ల బురద మరక పోవట్లేదు. ఏం చెయ్యాలి?

తడి మీద రుద్దితే ఇంకా లోపలికి ఎక్కుతుంది. పూర్తిగా ఎండనివ్వండి, బ్రష్‌తో దులపండి, ఆ తర్వాత చల్లనీళ్ళలో నానబెట్టి ఉతకండి. రెండు ఉతుకుల తర్వాత మిగిలింది ఇక పోదు. ఆ చొక్కా మళ్ళీసారి ఇక్కడికే వేసుకురండి.